మారనని మొరాయించు కంప్యూటర్లు, అందు చిక్కుకొనియున్న మన తెలుగు

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ తన విండోసు 10 ఆపరేటింగ్ సిస్టమునకు ఉచితముగా ఇచ్చుచుండిన రక్షణ సవరణలను సాధారణముగా నిలిపివేసినది. 2015 జూలై 29న వెలువడిన ఆ సిస్టము పదేండ్లకు పైగా మన పనులను నడిపినది. సాఖర్ పేఠలోని అచ్చుపని దుకాణములలోను, అశోక్ చౌక్ చుట్టుపట్ల చాదర్ల వ్యాపారుల గద్దెలమీదను, అక్కల్‌కోట రోడ్డు కారఖానాల లెక్కల గదులలోను అట్టి యంత్రములు మనకు కనబడుచునే యున్నవి. వానిని విండోసు 11కు మార్చబోయినవారు చెప్పు మాట ఒక్కటే: "పదకొండు ఎక్కుట లేదు." కొందరి యంత్రము మొదటనే త్రోసిపుచ్చును. మరికొందరిది రెండు గంటలు తిరిగి తిరిగి, ముప్పాతిక వంతు దాటిన పిమ్మట, మార్పులను వెనుకకు తీసికొనుచున్నానని చెప్పి పాత స్థితికి వచ్చి కూర్చుండును.

దీనికి మన పేటలలో వినవచ్చు సలహా, యంత్రమును తూకమునకు వేసి కొత్తది కొనుమనుట. టవళ్ల బేరము మందగించిన నెలలలో నాలుగు మగ్గముల చిన్న కారఖానాదారునకు ముప్పది నలువది వేల రూపాయలు ఊరక వచ్చునవి కావు. సలహా చెప్పువాడు కొత్త యంత్రములు అమ్మువాడే యైనప్పుడు ఆ సలహాను రెండుమార్లు తూచి చూడవలసియున్నది. "నడుచుచున్నంతకాలము నడువనిమ్ము" అను ధోరణియు కలదు. అది అంతకంటె మేలైనది కాదు. దాని సంగతి తరువాత చెప్పెదను. యంత్రము ఎందులకు మారకున్నదో తెలిసికొనకుండ దానిని పారవేయుటయు, వాడుకొనుచుండుటయు రెండును తొందరపాటే యని నా అభిప్రాయము. యంత్రము కారణము చెప్పుచునే యున్నది. దానిని చదువువారు లేరు.

అప్‌గ్రేడు అనగా నేమో నేతగానికి బోధపరచుట కష్టము కాదు. బీము అయిపోయినప్పుడు మనము మగ్గమును విప్పివేయము. పాత పడుగు కొసలను పన్నెలో అట్లే నిలిపి, కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా వానికి అతుకుదుము. అతుకులు సరిగా పడినచో మగ్గము తిరుగును, నేతలో తేడా కనబడదు. పోగుల లెక్క తప్పినను, పాత కొసలు చిక్కుపడియున్నను, నాలుగు గజములు నడువకముందే తెగును. కంప్యూటరులో జరుగునదియు నిదియే. పాత సిస్టములోని దస్త్రములను, కార్యక్రమములను నిలిపియుంచి వానికి కొత్త సిస్టమును అతుకుట అప్‌గ్రేడు. అంతయు తుడిచి కొత్తగా నెక్కించుట వేరొక పని. అది మగ్గమును విప్పి మరల పూన్చుట వంటిది. దుకాణములో "చేసి యిచ్చెదము" అన్నప్పుడు ఈ రెంటిలో నేది చేయుదురో అడిగి తెలిసికొనుడు. అడుగక ఇచ్చి వచ్చినవారికి యంత్రము మారి వచ్చును గాని అందులోని పదేండ్ల పని రాకపోవచ్చును.

ఇక కారణములు. అర్హత లేకపోవుట యొకటి, అర్హత యుండియు నడుమ ఆగిపోవుట యొకటి. మన వారు రెంటిని కలిపివేయుచున్నారు.

విండోసు 11 కోరునవి మితిమీరినవి కావు: 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల నిల్వ, 64 బిట్ల ప్రాసెసరు. చిక్కు తెచ్చునవి మూడు. ప్రాసెసరు సంస్థ ఒప్పుకొనిన జాబితాలో నుండవలెను; ఇంటెల్ వారివి స్థూలముగా ఎనిమిదవ తరము మొదలుకొని, అనగా 2017 చివర నుండి వచ్చినవి, అందు చేరును. సెక్యూర్ బూట్ అను కట్టుదిట్టము సాధ్యము కావలెను. టి.పి.ఎం. 2.0 అను రక్షణ భాగముండవలెను. ఈ మూడవదానియందే చాలమంది మోసపోవుచున్నారు. 2018 తరువాతి యంత్రములలో పెక్కింటికి ఆ భాగము ప్రాసెసరుతోనే వచ్చియుండును, కాని తయారైననాడు మూసియుంచబడి యుండును. ఇంటెల్ యంత్రములలో దానిని పి.టి.టి. యనియు, ఎ.ఎం.డి. యంత్రములలో ఎఫ్.టి.పి.ఎం. అనియు వ్యవహరింతురు. బయాస్ పట్టికలోనికి పోయి దానిని తెరచిన చాలును. లేని వస్తువునకును మూసియున్న వస్తువునకును భేదము చూడక యంత్రమునే మార్చుట, దీపపు స్విచ్చి వేయక బల్బు మార్చుట వంటిది. ఉన్నదో లేదో చూచుటకు విండోసు మీటను ఆర్ మీటతో కలిపి నొక్కి, వచ్చిన గడిలో టి.పి.ఎం. డాట్ ఎం.ఎస్.సి. అని ఆంగ్లాక్షరములలో వ్రాసినచో యంత్రమే చెప్పును. పి.సి. హెల్త్ చెక్ అను మైక్రోసాఫ్టు వారి ఉచిత పరీక్షా కార్యక్రమమును కలదు.

బయాసులో చేయి పెట్టుటకు ముందు రెండు జాగ్రత్తలు తీసికొనవలెను. యంత్రము బిట్‌లాకరు తాళముతో నున్నచో ఈ మార్పుల తరువాత అది 48 అంకెల సంఖ్య నడుగవచ్చును. ఆ సంఖ్యను ముందే కాగితముమీద వ్రాసికొనుడు. పాత "లెగసీ" పద్ధతిలో మొదలగు యంత్రమును సరాసరి "యు.ఇ.ఎఫ్.ఐ." పద్ధతికి త్రిప్పినచో అది లేవనే లేవదు. మొదట డిస్కు పొందికను మార్చవలెను. అందులకు తగిన పనిముట్టు 2017 నుండి విండోసు 10లోనే చేర్చబడియున్నది. ఇది చేతనైనవారు చేయదగిన పని.

మరియొక కారణము తరచుగా మరుగున పడుచున్నది. ధర తక్కువ యంత్రములలో పూర్వము 32 బిట్ల విండోసు నెక్కించి యిచ్చినవారు పలువురు. విండోసు 11కు 32 బిట్ల రూపమే లేదు. ప్రాసెసరు మంచిదే యైనను అట్టి యంత్రమునకు అతుకు పడదు. మగ్గము విప్పి పూన్చవలసినదే.

అర్హత యుండియు నడుమ ఆగిన యంత్రము ఒక సంకేత సంఖ్యను చూపును. చాలమంది దానిని విసుగుతో మూసివేయుదురు. ఫోటో తీసియుంచుట మేలు. 80070070 అని ముగిసినచో స్థలము చాలలేదని యర్థము. 'సి' అరలో కనీసము ఇరువది, ఇరువదియైదు గిగాబైట్లు ఖాళీ చేసికొని మొదలుపెట్టుడు. సి1900208 అనగా పొసగని కార్యక్రమ మేదియో అడ్డుపడుచున్నది. సి1900101తో మొదలైన సంఖ్యలు సామాన్యముగా డ్రైవర్ల తగవు: పాత ప్రింటరు, పాత స్కానరు, పాత గ్రాఫిక్సు కార్డు వంటివి కారణము కావచ్చును. మీటల పలక, మౌసు తప్ప తక్కినవన్నియు ఊడదీసి, బయటి యాంటీవైరసును తొలగించి మరల ప్రయత్నించినచో ఈ తగవు తీరిన సందర్భములు కొల్లలు. సిస్టము రిజర్వుడు పార్టిషనును నవీకరింపలేకపోతి నను మాట కనబడినచో, యంత్రము మొదలగుటకు వాడు 100 మెగాబైట్ల చిన్న అర నిండిపోయినదని గ్రహింపవలెను. ఆశ్చర్యమేమనగా, దానిని నింపునవి చాలసార్లు పనికిరాని ఫాంటు దస్త్రములే. ఏమియు పాలుపోనప్పుడు సెటప్‌డయాగ్ అను మైక్రోసాఫ్టు పనిముట్టు యంత్రము వ్రాసికొనిన చిట్టాలను చదివి, తప్పెక్కడ జరిగినదో ఒక్క పుటలో చెప్పును. కరెంటు పోవు వేళలలో ఈ పని పెట్టుకొనరాదని కారఖానాలు నడుపువారికి నేను చెప్పనక్కరలేదు, యు.పి.ఎస్. బ్యాటరీ రెండు నిమిషములకు కూలునదైనచో అది యుండియు లేనట్లే.

అన్ని యంత్రములను మార్చితీరవలెనను పట్టుదలయు నాకు లేదు. చాదరు నమూనాలు గీయు యంత్రము సంగతి చూడుడు. కొన్ని కారఖానాలలో జకార్డు నమూనాల కార్యక్రమము చిన్న తాళపు పుల్ల, అనగా డాంగిలు, గ్రుచ్చినగాని తెరచుకొనదు. అట్టలు కొట్టు యంత్రమును దానికే తగిలించియుందురు. ఆ కార్యక్రమమును చేసినవారు దానిని మానివేసియుండిన, కొత్త సిస్టమునకు తగిన డ్రైవరు ఎన్నటికిని రాకపోవచ్చును. అట్టి యంత్రమును కదల్చకుడు. దాని ఇంటర్నెట్టు తీగను తీసివేయుడు, వైఫైని ఆపివేయుడు, నమూనాలను వేరొక డిస్కులోనికి ఎత్తియుంచుడు, దానితో నమూనాల పని తప్ప మరేమియు చేయకుడు. అది అప్పుడు కంప్యూటరు కాదు, మగ్గమునకు సంబంధించిన పరికరము. 1804లో ఫ్రాన్సులో జకార్డు తన పేరిటి యంత్రమునకు హక్కుపత్రము పొందిననాటి నుండియు రంధ్రమున్నచో పోగు లేచును, లేనిచో లేవదు. కంప్యూటరు లెక్కకు మూలమును ఈ ఉన్నది-లేదు అను భేదమే. మన వారు దానికి జంకుట నాకు వింతగానే తోచును.

అయితే అదే గదిలో జి.ఎస్.టి. పత్రములు పంపు యంత్రము, బ్యాంకు లావాదేవీలు నడుపు యంత్రము, నూలు వ్యాపారి నుండి ఉత్తరములు వచ్చు యంత్రము సంగతి వేరు. అవి బయటి లోకముతో ప్రతిదినము మాటలాడునవి. వానికి "నడువనిమ్ము" అను ధోరణి పనికిరాదు. 2017 మే 12న వనాక్రై అను చెడు కార్యక్రమము లోకమంతట వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దానికి చిక్కి దస్త్రములకు తాళము పడినది. ఆ కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు ఆ సంవత్సరము మార్చి నెలలోనే విడుదల చేసియుండెను. సవరణ యుండియు వేసికొననివారికి ఆ గతి పట్టగా, సవరణయే రాని యంత్రము మాట వేరుగా చెప్పవలెనా?

అర్హతలేని యంత్రము గలవారికి కొంత వ్యవధి లభించినది. గృహ వినియోగదారులు నమోదు చేసికొనినచో విండోసు 10కు రక్షణ సవరణలు 2026 అక్టోబరు 13 వరకు వచ్చునట్లు మైక్రోసాఫ్టు సంస్థ 2025లో ఏర్పాటు ప్రకటించినది. అర్హతా పరీక్షను దాటవేయించి పదకొండును ఎక్కించి యిచ్చు నేర్పరులును మన వీధులలో నున్నారు. అట్లు ఎక్కినదానికి ముందు ముందు సవరణలు వచ్చునను హామీ లేదని సంస్థవారే చెప్పియున్నారు. ఆటలకు వాడు యంత్రమున నెట్లైనను కానిండు. పదిమంది కూలి లెక్కలున్న యంత్రమున నేను చేయింపను. దానికంటె లైనక్సు మేలు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే లైనక్సు సిస్టమును సిద్ధపరచి చాల యేండ్లైనది. ఉత్తరములు, పట్టికలు, ఇంటర్నెట్టు మాత్రమే కావలసినవారికి పాత యంత్రముమీద అది నిశ్చింతగా నడుచును. లెక్కల కార్యక్రమము విండోసును మాత్రమే కోరునదైనచో అది కుదరదు.

ఇంతవరకు చెప్పినది ఏ యూరివారికైనను చెల్లును. సోలాపురు తెలుగువారికి ప్రత్యేకముగా నున్న చిక్కు మరియొకటి కలదు. నేను కలము పట్టినది ముఖ్యముగా దానికొరకే.

మన సంఘముల సభ్యుల పట్టికలు, పెండ్లి పిలుపులు, మార్కండేయ రథోత్సవపు కరపత్రములు, విద్యాసంస్థల వార్షిక నివేదికలు, పాత సంచికలు పెక్కు సంవత్సరములుగా పేజ్‌మేకరులో అను ఫాంట్ల వంటి పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో కూర్చబడినవి. ఆ దస్త్రములలో తెలుగు లేదు. ఈ మాట విని కొందరు నవ్వవచ్చును గాని అది నిజము. ఆ పద్ధతిలో ఆంగ్లాక్షరములకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యలమీద తెలుగు తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలగు ముక్కల బొమ్మలను నిలిపియుంచిరి. దస్త్రములో నిలిచియుండునవి ఆ ఆంగ్ల సంఖ్యలే. ఫాంటు వానికి తెలుగు తొడుగు తొడుగును. ఆ ఫాంటు లేని యంత్రములో అదే దస్త్రమును తెరచి చూడుడు: అర్థములేని ఆంగ్లాక్షరములు, ప్రశ్నార్థకములు, డాలరు గుర్తులు కనబడును. మన పెద్దల పేర్లన్నియు అందులో నున్నవి, చదువుటకు మాత్రము వీలులేదు.

యంత్రము మారునప్పుడు ఈ గుట్టు బయటపడును. మగ్గము విప్పి పూన్చినట్లు తుడిచి యెక్కించినచో ఫాంట్లు పోవును. వాని మీటల కార్యక్రమమునకు తాళపు పుల్ల యుండిన అది కొత్త సిస్టములో పనిచేయవచ్చును, చేయకపోవచ్చును. పేజ్‌మేకరు అభివృద్ధిని అడోబీ సంస్థ 2004లోనే మానివేసినది. ఇరువది యేండ్లు దాటిన కార్యక్రమము ప్రతి కొత్త సిస్టముమీదను బ్రతుకవలెనని మనము ఆశపడుట న్యాయము కాదు. కావున అప్‌గ్రేడు అడ్డుపడినదని విసిగికొనువారితో నేను చెప్పునదేమనగా, అడ్డుపడుట ఒక విధముగా మంచిదే. దస్త్రములను ఎత్తిపెట్టుకొనుటకు వేళ చిక్కినది. దస్త్రములతోపాటు ఫాంటు దస్త్రములను కూడ ఎత్తిపెట్టుడు. ప్రతి సంచికను ముఖ్యమైన ప్రతి పత్రమును ఫాంట్లు పొదిగిన పి.డి.ఎఫ్.గా ఒకటి చేసి యుంచుడు. మార్పు జరిగిన తరువాత పని చెడినదని తోచినచో పది దినములలోపల పాత సిస్టమునకు వెనుదిరుగు సదుపాయము సెట్టింగులలో నుండును. పదకొండవనాడు అది యుండదు.

ఎత్తిపెట్టుటతో పని తీరదు. వానిని యూనికోడు తెలుగులోనికి మార్చవలెను. యూనికోడులో తెలుగక్షరములకు 1991లోనే స్థానములు ఏర్పడినవి. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు లభించినది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన ఫాంట్లను రూపొందించి తెలుగువారికి ఉచితముగా నిచ్చిరి. 2019 నుండి విండోసు 10లోనే ఆంగ్ల ధ్వనుల ననుసరించి తెలుగు వ్రాయు మీటల పలకయు వచ్చినది. సాధనములు లేవనుటకు నేడు తావు లేదు. మన అచ్చుకూర్పరులను నేను నిందింపను. వారి చేతులకు ఆ మీటలు అలవాటైనవి. ఆ ఫాంట్లలో పెండ్లి పిలుపునకు తగిన సొంపైన అక్షరములున్నవి. గంటకింతయని కూలి పొందువానిని కొత్త మీటలు నేర్చుకొనుమనుట సుఖమైన మాట కాదు. మహారాష్ట్రములో శ్రీలిపి వంటివానితో మరాఠీ అచ్చుకూర్పరులు పడిన పాట్లును ఇట్టివే. కాని వారి భాషకు ఈ రాష్ట్రములో ప్రభుత్వమున్నది, విశ్వవిద్యాలయములున్నవి. ఒక అచ్చుకూటములో పోయినది మరియొక చోట దొరకును. సోలాపురులో తెలుగువారి యొక సంఘపు పట్టిక ఆ సంఘపు బీరువాలో తప్ప మరెక్కడను లేదు.

ఇందులో పిల్లల సంగతి కూడ ఇమిడియున్నది. మన యిండ్లలో తెలుగు మాటలాడుచు మరాఠీ బడిలో చదువుకొను పిల్లలు తెలుగక్షరములను చూచునది ఎక్కువగా ఫోనులోనే. ఫోను యూనికోడును మాత్రమే తెలుగుగా నెరుగును. పాత ఫాంట్ల దస్త్రమును పంపిన వారికి కనబడునది గజిబిజి. దానిని ఫోటోగా పంపిన వెదకుటకు వీలుపడదు, వినిపించుటకు వీలుపడదు. తాత పేరు ఏ సంవత్సరపు పట్టికలో నున్నదో వెదకి చూచుకొను పిల్లవానికి తెలుగు చదువుటకు ఒక కారణము దొరకును. ఆ కారణము దొరకని పిల్లవానికి ఉపన్యాసములు చెప్పి లాభము లేదు.

ఈ పనిని ఎవరికివారు చేసికొందురులే యని విడుచుట నాకు సమ్మతము కాదు. కారఖానాదారులు తమ లెక్కల యంత్రమును ఎట్లో మార్చుకొందురు. తెలుగు దస్త్రములు ఎవరి సొత్తును కావు గనుక ఎవరును చూడరు. సంఘ కార్యాలయములో వారమునకొక సాయంకాలము ఒక బల్ల ఏర్పాటు చేయవలెను. కంప్యూటరు చదువు చదువుచున్న మన పిల్లలు ఇరువురు ముగ్గురు అక్కడ కూర్చుండి, తెచ్చిన యంత్రమునకు అర్హత గలదో లేదో, ఆగుటకు కారణమేమో చూచి కాగితముమీద వ్రాసి యియ్యవలెను. మరమ్మతు చేయనక్కరలేదు, ఆ కాగితము చేతనున్నవానిని దుకాణములో మోసగించుట కష్టము. పెద్ద డిస్కులు రెండు కొని, ఎవరు తెచ్చినను తెలుగు దస్త్రములను వానిలోనికి ఎత్తుకొని, ఒకదానిని కార్యాలయములోను, రెండవదానిని వేరొక భవనములోను ఉంచవలెను. దీనికి కావలసినది పెద్ద మొత్తమేమియు కాదు. పండుగ పందిటి ఖర్చులో ఒక మూల చాలును.

మార్పిడి కార్యక్రమములు ఉచితముగా దొరకుచున్నవి, కాని అవి వత్తులను తారుమారు చేయును, కొన్నిచోట్ల పొల్లును మ్రింగివేయును. ఇంటిపేర్లలో ఆ తప్పు యంత్రమునకు తెలియదు. కంప్యూటరు చదువుకొనిన పిల్లలలో పలువురకు అక్షరములు తడుముకొనవలసియుండును. పాత తెలుగు బడులలో చదివి, ఆ యింటిపేర్లన్నియు నోటికి వచ్చిన పెద్దలు డెబ్బదులు దాటి మన వీధి అరుగులమీద నున్నారు. బల్ల దగ్గర రెండవ కుర్చీ వారికి వేయవలెను. ఎవరు ఏ సాయంకాలము రాగలరో కార్యదర్శిగారికి తెలిపినచో పేర్లను సంచికలో ప్రకటింపవచ్చును.